బాక్స్ మొహం ఎటువైపు

ఈ సౌండ్ పనిలో కొత్తగా దిగిన కుర్రాళ్లు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఎన్ని వాట్లు తీస్కోవాలె?" హాలు ఎంతుందో చెప్పరు, వాయించేది ఏమిటో చెప్పరు, వాయించేది ఎవరో అసలే చెప్పరు. వాట్లు కావాలి. నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఫోన్ పెట్టేయను. ఎందుకంటే ఒకప్పుడు మా దుకాణంలో అందరం అలాగే ఉండేవాళ్లం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద, మెట్రో లైను కింద, ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ అమ్మే దుకాణంలో నా ఉద్యోగమంతా గడిచింది. అమ్మడం సేటు పని. బాగుచేయడం నా పని. చిరిగిన స్పీకర్లకు కొత్త కాగితం కోన్లు అతికించడానికి వెనకగదిలో ఇంకొకాయన ఉండేవాడు. మాది నల్గొండ దగ్గర పల్లె, ఆయనదీ అటే, కాబట్టి రోజంతా ఒకరినొకరు తిట్టుకునే చనువు మాకుండేది. దుకాణాల్లో రిటైర్మెంట్ అంటే దండలూ శాలువాలూ ఏమీ ఉండవు. "అన్నా, నడుము నొప్పి అంటున్నవ్ గదా, జర ఇంటికాడ రెస్ట్ తీస్కో" అని సేటు ఒకరోజు అంటాడు, మనకు అర్థమైపోవాలి. నాకు అర్థమైంది. ఇప్పుడు మీర్‌పేట్‌లో ఇంటి దగ్గరే ఉంటున్నాను. నేను చెప్పబోయేది అలా ఇంటిపట్టున ఉండిపోవడానికి కొద్దిగా ముందు సంగతి.

ఒక మధ్యాహ్నం ఒకావిడ ఆటో దిగి దుకాణంలోకి వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. చైతన్యపురిలో ఉంటుందట, ఒక స్కూల్లో పిల్లలకు సంగీతం చెబుతుందట, సెలవు రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తుందట. మాట తీరు కోస్తావాళ్లది. "గిటార్‌కి ఆంప్లిఫయర్ కావాలండీ" అంది. సేటు మొహం వెలిగిపోయింది. గిటార్ ఆంప్లిఫయర్ అంటే కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు కొనేవి వరసగా పేర్చి పెట్టుకున్నాడు. ఆటోవాడూ నేనూ కలిసి ఆమె పెట్టె లోపలికి మోసుకొచ్చి, మూత తీసి, కాళ్లు బిగించి నిలబెడితే అది గిటార్ కాదు, బల్ల. బల్ల మీద తంతులు, బల్ల కింద పెడల్స్.

కోన్ల ఆయన వెనకగదిలోంచి తల బయటపెట్టి చూశాడు. "గిదేంది మేడమ్, ఇస్త్రీ బల్లనా?" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "పెడల్ స్టీల్ గిటార్ అంటారండీ. ఒక పాత రికార్డింగ్ స్టూడియో మూసేస్తుంటే కొనుక్కున్నాను" అని కూర్చుని చూపించింది. ఎడమచేతిలో ఒక నున్నటి ఉక్కు కడ్డీ. దాన్ని తంతుల మీద జరుపుతూ కుడిచేత్తో మీటాలి. మామూలు గిటార్‌కు మెట్లుంటాయి, వేలు ఎక్కడ నొక్కినా స్వరం తన చోటులో పడుతుంది. దీనికి మెట్లు లేవు, పైన గీసిన గీతలు గుర్తుకు మాత్రమే. కడ్డీ వెంట్రుకవాసి జరిగితే అపస్వరం. చేతిని ఆపాల్సింది చెవే.

ఆ చెవి దగ్గరే వచ్చింది చిక్కంతా.

"ఈమధ్య స్టేజీ ఎక్కితే స్వరం పక్కకి పోతోందండీ" అంది ఆమె. "ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే బాగానే ఉంటుంది. పెళ్లిళ్లలో మాత్రం తప్పుతోంది. మా ఆర్కెస్ట్రా నడిపే ఆయన, మేడమ్ మీకు శ్రుతి పోయింది అనేశారు. కీబోర్డులో ఈ టోన్ ఉందిట, ఈ బల్ల మోయడం ఎందుకంటున్నారు. ఆదివారం ఎల్బీనగర్‌లో ఒక పెళ్లి ఉంది. అదే ఆఖరుసారి చూడటంట."

"పరేషాన్ గాకుండ్రి మేడమ్, మంచి మాల్ ఇస్త" అన్నాడు సేటు.

"అది కాదండీ." ఆమె గొంతు గట్టిపడింది. "పిలవకపోతే పోనీయండి. నాకు ఒక్కటి తెలియాలి. తప్పు మిషన్లదైతే సరే. నా చెవిదే అయితే దీన్ని అమ్మేస్తాను. స్కూల్లో కూడా మానేస్తాను. చెవి లేనిదాన్ని, పిల్లలకి ఏమని దిద్దుతాను చెప్పండి?"

నాకైతే కోపమే వచ్చింది. మేం ఆంప్లిఫయర్లు అమ్ముకునే వాళ్లం, మా నెత్తిన ఈ చెవి పరీక్ష ఏమిటి? ఆదివారం ఆమె తప్పు వాయిస్తే, ఆ మాట మా బాక్స్ చెప్పినట్టవుతుంది కదా. ఆ భయానికే కోపం వచ్చిందని తర్వాత తెలిసింది.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఏ సామాను అడిగినా ఎవరికి ముచ్చటైనది వాళ్లు ముందుకు తోస్తారు. సేటు తన గిటార్ ఆంప్లిఫయర్ పెట్టించాడు. ఆమె ఒక తంతి మీటింది. చక్కగా మోగింది. ఆమె కుడికాలి కింద ఒక పెడల్ ఉంది, సౌండ్ పెంచడానికీ తగ్గించడానికీ. స్వరం సన్నబడుతుంటే ఆమె మెల్లగా ఆ పెడల్ నొక్కింది. అంతే, ఆంప్లిఫయర్ సౌండ్ బర్ర్‌మని చిట్లింది.

"గిటార్‌కు గట్లనే ఉంటది మేడమ్, పోరగాళ్లు గా బర్ర్ కోసమే కొంటరు" అన్నాడు సేటు.

"నాకు ఆ బర్ర్ వద్దండీ" అంది ఆమె.

తర్వాత కోన్ల ఆయన తన ప్రాణంతో సమానమైన డీజే బాక్స్ ఈడ్చుకొచ్చాడు. పైన ఇనప హార్న్ ఉన్న బాక్స్. "దమ్ సూడుండ్రి మేడమ్" అన్నాడు. దమ్ముకేం, ఉంది. కానీ పై తంతి మీటేసరికి ఆ హార్న్‌లోంచి వచ్చిన కూత చెవిలో సూది పెట్టి పొడిచినట్టుంది. మా దుకాణం మీద అమ్మాయిల హాస్టల్. కిటికీలోంచి ఒకమ్మాయి "అంకుల్, మాకు ఎగ్జామ్ ఉంది!" అని అరిచింది. కోన్ల ఆయన ఆ హార్న్‌కు గుడ్డ చుడదాం అన్నాడు. నేను ఆయన్ని వెనకగదిలోకి పంపేశాను.

ఆమెను మళ్లీ మొదటి ఆంప్లిఫయర్ మీదే వాయించమని, ఈసారి చేతులు కాకుండా కాలు చూశాను. మొదలుపెట్టేటప్పుడు పెడల్ సగమే నొక్కుతుంది. మీటిన స్వరం మామూలుగా అయితే తగ్గిపోతుంది కదా, అది తగ్గేకొద్దీ ఈమె కాలు నొక్కుతుంది, అందుకని విన్నవాళ్లకు స్వరం తగ్గినట్టే అనిపించదు. పాడేవాళ్లు ఊపిరి దాచుకున్నట్టు ఈమె సౌండ్ దాచుకుంటోంది. అంటే ఆంప్లిఫయర్ సగంలోనే అలసిపోకూడదు. మోగే వాట్లు కాదు, మోగకుండా చేతిలో మిగిలి ఉండే వాట్లు కావాలి. ఇది మీరు రాసిపెట్టుకోండి, ఫోన్లు తగ్గుతాయి.

మూలన దుమ్ము పట్టి ఒక పాత పెద్ద ఆంప్లిఫయర్ ఉంది. బర్ర్ లేదు, మెరుపులు లేవు, అందుకే ఎవరూ కొనలేదు. దానికి జోడీగా పదిహేను అంగుళాల స్పీకర్, మూసిన చెక్క బాక్స్, హార్న్ లేకుండా. స్పీకర్ కాగితం చిరిగి ఉంది.

"కొత్త కోన్ ఎక్కియ్యాలె" అన్నాను.

"వానలు పడుతున్నయ్, గమ్ము ఎండది" అన్నాడు కోన్ల ఆయన.

"ఎండకపోతే నువ్వే కూసొని ఊదు."

తిట్టుకుంటూనే చేశాడు. పని మొదలుపెడితే ఆయన చేతికి తిరుగు లేదు. ఫ్యాన్ కింద పెట్టి, పొద్దునా సాయంత్రం బొటనవేలితో కోన్ నొక్కి చూసేవాడు. ఆదివారం దగ్గరపడుతుంటే సేటు కూడా వెనకగదిలోకి వచ్చి వేలు పెట్టబోయి ఆయనతో చివాట్లు తిన్నాడు.

శనివారం ఆమె వచ్చింది. దుకాణంలో జాగా లేదు. కౌంటర్ పక్కన ఆమె బల్ల వేసి, బాక్స్‌ను ఎదురుగా ఎత్తు స్టూల్ మీద పెట్టాను. పైన మెట్రో పోయేదాకా ఆగి ఆమె మొదలుపెట్టింది. ఒక పొడుగాటి స్వరం కింది నుంచి జారుతూ పైకి వెళ్లి, చెప్పిన చోట ఆగింది. చిట్లలేదు. పొడవలేదు. బేరానికి వచ్చిన ఇద్దరు మనుషులు వచ్చిన పని మర్చిపోయి నిలబడ్డారు.

"సాఫ్!" అన్నాడు సేటు. "రేపు నచ్చకపోతే వాపస్ తెండి మేడమ్, ఒక్క మాట అడగ."

ఆమె కళ్లు తెరిచి నావైపు చూసింది. "ఇంట్లోనూ ఇలాగే ఉంటుందండీ" అంది. "రేపు చూడాలి."

నిజమే కదా. ఆ మాటకు మా సంతోషం అక్కడే దిగిపోయింది.

బాక్స్ పంపి ఊరుకోవాల్సిన వాణ్ని, ఆదివారం పొద్దున ట్రాలీ ఆటోలో బాక్స్ పక్కన నేనూ ఎక్కాను. బరువులెత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పి ఉన్నారు. మా ఇంటావిడకు చెప్పకుండా వెళ్లాను. ఇంట్లో ఉండి ఏం జరిగిందో అని కొట్టుకోవడం కంటే నడుము పోవడమే నయమనిపించింది.

ఎల్బీనగర్‌లో ఆ ఫంక్షన్ హాల్ పొడుగ్గా ఉంది. ఒక చివర పెళ్లి స్టేజీ, పక్కన ఆర్కెస్ట్రాకు వేరే గద్దె, రెండో చివర భోజనాలు. నేను వెళ్లేసరికే పంక్తి లేచి ఇంకో పంక్తి కూర్చుంటోంది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆమెకు మంచినీళ్లు తనే తెచ్చిచ్చాడు. "మేడమ్ అంటే నాకు ఇజ్జతే పెద్దాయనా" అన్నాడు నాతో చాటుగా. "గానీ పోయిన పెండ్లిల గా పార్టీవోళ్లు నా మొహం మీదనే అన్నరు. నా పేరు పోతే పదిమంది కడుపు కొట్టినట్టు గాదా?"

బాక్స్‌ను గద్దె అంచున పెట్టి, మొహం జనం వైపు తిప్పాను. ఇది మా పనిలో ఎవరూ ఎవరికీ నేర్పరు. బాక్స్ అంటే మొహం జనం వైపే. దుకాణంలో అమ్మకానికి పెట్టినా మొహం రోడ్డు వైపే పెడతాం. హాల్ సౌండ్ చూసే అతను ఆంప్లిఫయర్ నుంచి ఒక వైరు తన మిక్సర్‌కు తీసుకున్నాడు. ఇంతకుముందు ఆమె గిటార్ వైరు నేరుగా మిక్సర్‌కే పోయేదట. ఇప్పుడు తనకంటూ ఒక బాక్స్ ఉంది. ఇంక ఏ లోటూ లేదనుకున్నాను.

పాట మొదలైంది. పల్లవి అయ్యాక ఆమె వంతు. మొదటి స్వరం సరిగ్గానే లేచింది. రెండోది కొద్దిగా కిందికి ఆగింది. సర్దుకోబోయి పైకి దాటింది. మూడోసారి కడ్డీ ఎక్కడా నిలవలేదు. ఆంప్లిఫయర్ వైపు చూశాను, దానికేమీ కాలేదు, శుభ్రంగా మోగుతోంది. ఆమె తప్పు వాయిస్తే ఆ తప్పును కూడా అంతే శుభ్రంగా హాలంతా వినిపిస్తోంది. కీబోర్డు అబ్బాయి తల వంచుకున్నాడు. పెళ్లికొడుకు మేనమామ భోజనాల దగ్గర నుంచి చేయి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం బాబూ, శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ ఏడుపేంటి? ఆపించు ముందు" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

పాట అయింది. ఆర్కెస్ట్రాయన ఆమె దగ్గరికి వంగి, "మేడమ్, మీరు జర రెస్ట్ తీస్కోండ్రి" అన్నాడు.

ఆమె ఉక్కు కడ్డీని చీర కొంగుతో తుడిచి గుడ్డ సంచీలో పెట్టుకుంది. నన్ను చూసింది.

"చెవేనండీ" అంది.

ఆ ఒక్క మాట విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెప్పేందుకేమీ లేనప్పుడు మా పనివాళ్లు వైర్లు పీకుతారు. నేనూ గద్దె ఎక్కి ఆమె బల్ల వెనక నుంచి ఆంప్లిఫయర్ వైరు పీకబోయాను. అప్పటికి రెండో పాట మొదలైంది. కీబోర్డు మోగుతోంది, నా పక్కనే డ్రమ్ములు. వంగిన వాణ్ని వంగినట్టే ఆగిపోయాను. అక్కడ ఏమీ సరిగ్గా వినపడటం లేదు. డ్రమ్ములు తప్ప.

"మేడమ్, ఒక్క తంతి మీటుండ్రి" అన్నాను. "చిన్నగ."

"ఎందుకండీ ఇంకా?"

"మీటుండ్రి, చెప్త."

ఆమె విసుగ్గా మీటింది. నేను ఆమె భుజం పక్కన తల పెట్టి విన్నాను. ఆ స్వరం మా బాక్స్‌లోంచి ముందుకు వెళ్లిపోయింది. వెళ్లి, భోజనాల వైపు గోడకు తగిలి, గిన్నెల చప్పుడు కలుపుకుని, ఆలస్యంగా వెనక్కి వచ్చింది. ఆమె తన చేతి కిందిది వినడం లేదు. అయిపోయినదాన్ని విని, దానికి చేయి దిద్దుకుంటోంది. అప్పటికి చేయి వేరే చోటుంది.

"మీకు స్టేజీ మీద ఎప్పుడు గిట్లనే ఇనొస్తదా?"

"అంతే కదండీ. ఎప్పుడూ ఇంతే" అంది ఆమె, అందులో అడగడానికేముందన్నట్టు.

ఇంట్లో హెడ్‌ఫోన్. దుకాణంలో జాగా లేక ఎదురుగా పెట్టిన బాక్స్. రెండు చోట్లా ఆమె సౌండ్ ముందుగా ఆమెకే వినపడింది. పరుగున వెళ్లి బాక్స్‌ను రెండు చేతులా పట్టి ఆమె వైపు ఈడ్చాను.

"ఏయ్ అన్నా! బాక్స్ ఎటు తిప్పుతున్నవ్? జనం గిటున్నరు!" అని మిక్సర్ దగ్గర అతను అరిచాడు.

"జనానికి నీ హాల్ బాక్సులున్నయ్ గదరా! గీమెకు ఎవరున్నరు?"

ఆర్కెస్ట్రాయన పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, ఏంది గిది? పార్టీవోళ్లు సూస్తున్నరు."

"ఒక్క పాట ఇయ్యి. గప్పుడు గూడ తప్పు పోతే బాక్స్ నేనే మోస్కపోత, నీకు మళ్ల కనవడ."

ఆర్కెస్ట్రాయన ఆ పెళ్లికొడుకు మేనమామ ఎక్కడున్నాడో చూశాడు. మేనమామ స్వీటు దగ్గర ఉన్నాడు. ఆర్కెస్ట్రాయన ఆమె మొహం కూడా చూశాడు. "ఒక్కటే" అన్నాడు. "తర్వాత నేను చెప్పినట్టు ఇనాలె."

బాక్స్ నేల మీద ఉంటే ఆమె మోకాళ్లకు తప్ప చెవులకు వినపడదు. ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎత్తి, ఆమె వెనక, భుజాల మీదుగా వినపడేలా పెట్టాను. నడుము కలుక్కుమంది. గద్దె మీద పరిచిన తివాచీ మీద కుర్చీ కాలు జారింది, బాక్స్ ఒరిగింది. ఇంకో కుర్చీ వెతికే వ్యవధి లేదు, మూడో పాటకు డ్రమ్ములతను కర్రలు ఎత్తేశాడు. నేను ఆ కుర్చీ వెనక కింద కూర్చుని, బాక్స్‌కు నా వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి కుర్చీని పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి ఆపాను. ముందు వరసలో పిల్లలు నన్ను చూసి నవ్వారు. పెళ్లి వీడియోలో ఎక్కడో ఉంటాను, బాక్స్‌కు కాపలా కూర్చున్న పిచ్చివాడిలా.

ఆమె సంచీలోంచి కడ్డీ తీసింది. పల్లవి అయింది. ఆమె వంతు వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

మొదటి స్వరం నాకు చెవికంటే ముందు వీపుకు తెలిసింది. కింది నుంచి జారుతూ లేచింది. ఎక్కడ ఆగాలో అక్కడికి వస్తోంది, ఇంకొంచెం, ఇంకొంచెం, దాటుతుందేమోనని నా గుప్పిళ్లు బిగుసుకున్నాయి. ఆగింది. కొలిచినట్టు ఆగింది. తర్వాతిదీ ఆగింది. అన్నేళ్లు బాక్సుల ముందు నిలబడి విన్నవాణ్ని, వాయించే మనిషి దగ్గర కూర్చుని వినడం నాకదే మొదటిసారి. ఆఖరి స్వరం దగ్గర, అది సన్నబడే చోట, ఆమె కాలు నొక్కింది. ఆంప్లిఫయర్ తను దాచుకున్నదంతా ఇచ్చింది. నా కళ్లు తడిశాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, భోజనాల దగ్గర ఎవరు కొడతారు? మేనమామ స్వీటు తింటూ తలెత్తి కూడా చూడలేదు. తప్పు లేకపోతే పెళ్లిళ్లలో ఎవరూ వినరు. కానీ కీబోర్డు అబ్బాయి మెడ తిప్పి ఆమెనే చూస్తున్నాడు, ఆర్కెస్ట్రాయన తర్వాతి పాట పేరు చెప్పడం మర్చిపోయి నిలబడ్డాడు.

నా నడుము ఇంక ఆగేలా లేదు. మెల్లగా బాక్స్‌ను కిందికి దించబోయాను.

ఆమె వెనక్కి తిరగలేదు. కడ్డీని తంతుల మీద పెట్టుకుంటూనే అంది:

"అన్నయ్యగారూ, బాక్స్ దించకండి. ఇంకోటి వాయిస్తాను."